బిట్రగుంట ఇసకలో బండి దిగబడితే...

నెల్లూరు నుంచి విజయవాడ వైపు రైలెక్కితే, కావలి ఇంకా రాకముందే బిట్రగుంట వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బళ్ళలో వెళ్ళేవాళ్ళకి కిటికీలోంచి కనిపించే పొడుగాటి యార్డు, పాత రైల్వే క్వార్టర్లు, నాలుగు పెద్ద చెట్లు - అంతే. కానీ మా జిల్లా వాళ్ళకి బిట్రగుంట అంటే రైళ్ళ ఊరు. ఆవిరి ఇంజన్లు నడిచిన రోజుల్లో ఇక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండేది. ఇంజన్లకి బొగ్గు, నీళ్ళు పట్టడం, డ్రైవర్లు, ఫైర్‌మన్లు మారడం అన్నీ ఇక్కడే. ఆవిరి ఇంజన్లు పోయి కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ సందడి తగ్గింది. అయినా ఇప్పటికీ ఈ ఊళ్ళో పెద్దవాళ్ళని కదిలిస్తే రైలు కబుర్లే చెబుతారు.

ఊరు చూడాలనుకునేవాళ్ళు ముందు కొండ బిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామిని దర్శించుకుంటారు. ఆ తర్వాత పిల్లలు ఊరుకోరు కదా, "సముద్రం, సముద్రం" అంటారు. రైలు కట్ట దాటి తూర్పుకి బయల్దేరితే ముందు వరి పొలాలు, తర్వాత రొయ్యల గుంటలు, ఆ తర్వాత నీళ్ళు నిలిచిన బకింగ్‌హామ్ కాలవ, అది దాటగానే సరుగుడు తోపులు. ఆ తోపుల్లో గాలి ఈల వేసినట్టు వినిపిస్తుంటే చెప్పక్కర్లేదు, సముద్రం దగ్గరపడినట్టే. జువ్వలదిన్నె ఈ బోగోలు మండలంలోదే. అక్కడ చేపల రేవు కట్టారు. కొంచెం ఉత్తరానికి వెళితే కావలి వాళ్ళ తుమ్మలపెంట, దక్షిణానికి వెళితే అల్లూరు వైపు ఇసకపల్లి. చూడండి, ఆ ఊరి పేరులోనే ఇసక ఉంది!

ఆ ఇసక గురించే ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను.

ఆదివారాలూ, పండగ సెలవల్లో ఈ తీరానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇదివరకు బస్సు దిగి నడిచేవాళ్ళు. ఇప్పుడు ఇంటింటికీ కారో, జీపులాంటి పెద్ద బండో ఉంది. నాలుగు చక్రాలూ తిరిగే బండి కొన్నాక అబ్బాయిలకి దాన్ని తారురోడ్డు మీదే నడపాలంటే మనసొప్పదు. సరుగుడు తోపు దాటి నేరుగా నీళ్ళ అంచుదాకా పోనిస్తారు. పొడి ఇసకలో రెండు గజాలు పోయేసరికి చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం అక్కడే ఉంటుంది. చూస్తూ ఉండగానే పొట్ట ఇసకకి ఆనుతుంది. దీన్నే మావాళ్ళు "బండి దిగబడింది" అంటారు.

దిగబడటం పెద్ద ప్రమాదం కాదు. దాన్ని లాగే తీరులోనే ప్రమాదం ఉంది. ఎవరో ఒక తాడు తెస్తారు, ఇంకొకరు దాన్ని కంటికి కనిపించిన చోట కడతారు, పదిమంది చుట్టూ మూగుతారు, పిల్లలు ఫోన్లు పట్టుకుని ముందుకొస్తారు. ఆ తాడు కట్టిన చోటు ఊడిందంటే, ఊడిన ఇనప ముక్క తుపాకి గుండులా ఎగిరొస్తుంది. మగవాళ్ళు బండి గొడవలో మునిగి ఉంటారు. పిల్లలు ఎక్కడ నిలబడ్డారో చూసేది మనమే. అందుకే ఈ సంగతి ఆడవాళ్ళకి తెలిసి ఉండాలంటాను.

రైలు నేర్పే పాఠం

బిట్రగుంట స్టేషన్లో ఎప్పుడన్నా ఆగితే ఒకసారి రెండు పెట్టెల మధ్యకి చూడండి. తలుపు పక్కన మనం పట్టుకుని ఎక్కే కడ్డీ ఉంటుంది. అదీ ఇనుమే. మెట్లూ ఇనుమే. కానీ ఇంజను ఆ కడ్డీకో, మెట్టుకో గొలుసు కట్టి పెట్టెని లాగదు. మధ్యలో కప్లింగ్ ఉంటుంది. అది పెట్టె అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి ఉండే గట్టి చట్రంతో కలిసి ఉంటుంది. కడ్డీ మనిషి బరువు కోసం, కప్లింగ్ రైలు బరువు కోసం. రెండూ ఇనుమే అయినా రెండింటి పనీ ఒకటి కాదు.

ఇది మన ఇళ్ళల్లోనూ ఉన్నదే. నిండు బిందెని మెడ కింద పట్టుకుని ఎత్తుతాం గానీ పల్చటి అంచు పట్టుకుని ఎత్తం. ఎద్దుకి ముకుతాడు ఉంటుంది, కాడీ ఉంటుంది. దారి మళ్ళించడానికి ముకుతాడు, బరువు లాగడానికి మూపు మీద కాడి. బండెడు వడ్లని ముకుతాడుతో లాగిస్తే ఆ మూగజీవి గతేమిటి?

మోటారు బండికీ ఒక మూపు ఉంటుంది. అది చాసిస్, అంటే బండి అడుగున ఉండే ఇనప చట్రం. లాగే కొక్కెం ఆ చట్రానికి, పెద్ద బోల్టులతో, లాగడం కోసమే బిగించి ఉండాలి. జీపు తరహా పెద్ద బళ్ళలో ఇలాంటి కొక్కేలు ముందు, వెనక కనిపిస్తాయి. మీ బండికి ఏవి ఎక్కడున్నాయో, ఏది దేనికోసమో బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. ఆ పుస్తకం మన ఇళ్ళల్లో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉంటుంది, అది వేరే సంగతి!

కొక్కెంలా కనిపించేవన్నీ కొక్కేలు కావు

బండి కిందకి వంగి చూస్తే మూడు నాలుగు రకాల రింగులు, రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో ఏది దేనికో విడివిడిగా చెబుతాను.

మొదటిది, కట్టు రింగు. కంపెనీ నుంచి బండిని లారీలోనో, ఓడలోనో తెచ్చేటప్పుడు కదలకుండా బిగించి కట్టడానికి పెట్టినది. పల్చటి రేకులో రంధ్రం లాగానో, సన్న కడ్డీ వంచినట్టో ఉంటుంది. నిలబడి ఉన్న బండిని కదలకుండా ఆపడానికే దాని బలం సరిపోతుంది. ఇసకలో కూరుకున్న బండిని దానికి కట్టి లాగితే చీరుకుని వచ్చేస్తుంది.

రెండోది, మర కొక్కెం. ఈమధ్య కార్లలో చాలావాటికి జాకీ, స్పానరు పెట్టే సంచిలో ఒక మర ఉన్న ఇనప కన్ను ఇస్తారు. బంపరులో చిన్న మూత ఉంటుంది. అది తీసి, లోపల ఈ కన్నుని తిప్పి బిగించాలి. కొన్ని బళ్ళకి ఇది కుడికి కాదు, ఎడమకి తిప్పితే బిగుస్తుంది. రోడ్డు మీద ఆగిపోయిన కారుని మెల్లగా, తిన్నగా లాక్కెళ్ళడానికి ఇది పనికొస్తుంది. ఇసకలోంచి గుంజడానికి పనికిరాదు. పక్కకి లాగితే వంగుతుంది, కుదిపి లాగితే మర దగ్గర తెగుతుంది. ఇది ఒక్కటే ఉన్న కారు దిగబడితే ముందు చక్రాల చుట్టూ ఇసక పూర్తిగా తీసి, బరువు తగ్గించి, ఆ తర్వాతే మెల్లగా, తిన్నగా లాగించాలి.

మూడోది, ట్రెయిలరు తగిలించే గుండ్రటి ఇనప బంతి. మన దగ్గర తక్కువే గానీ, వెనకాల సామాను బండి లాక్కెళ్ళే వాళ్ళు బిగించుకుంటారు. ఇది అన్నిటికంటే ప్రమాదం. బంతి మెడ సన్నగా ఉంటుంది. కుదుపుకి అక్కడ విరిగితే బంతి తాడుతో సహా ఎగురుతుంది. ఇసక దారుల్లో బళ్ళు నడపడం వేడుకగా పెట్టుకున్న ఆస్ట్రేలియాలో ఇలా బంతి విరిగి వచ్చి తగిలి మనుషులు చనిపోయారు. అక్కడ ఇసకలో బండి నడపడం నేర్పేవాళ్ళు మొట్టమొదట చెప్పే మాట, "బంతికి తాడు తగిలించొద్దు" అనే.

నాలుగోది, బంపరు, దాని ముందు బిగించుకునే ఇనప గార్డు. బంపరు చాలామటుకు ప్లాస్టిక్. గార్డు చూడటానికి ఏనుగులా ఉంటుంది గానీ నాలుగు చిన్న బోల్టుల మీద నిలబడుతుంది. పైగా ఆ గార్డులు పెట్టుకోవడమే చట్టానికి విరుద్ధం. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వాటి మీద చర్య తీసుకోమని అన్ని రాష్ట్రాలకీ రాసింది. నడిచివెళ్ళే వాళ్ళకీ, బండిలో ఉన్నవాళ్ళకీ అవి ప్రమాదమని.

ఇక ఇరుసు, స్టీరింగు కడ్డీలు, చక్రానికి చేరే చేతులు, స్ప్రింగు పట్టీలు - వీటికి కడితే బండి బయటికి వచ్చినా ఇంటికి రాదు. స్టీరింగు కడ్డీ వంగిన బండిలో పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కడం ఎంత ప్రమాదమో నేను చెప్పాలా?

ట్రాక్టరాయన చెప్పిన మాట

ఈ తీరంలో దిగబడిన బండికి దేవుడు ట్రాక్టరే. పడవల్ని ఇసక మీదకి లాగడానికీ, వలలు మొయ్యడానికీ ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాదు నుంచి కొత్త బండిలో వచ్చారు. దర్శనం అయ్యాక సముద్రానికి తీసుకెళ్ళాం. నీళ్ళకి వంద గజాల దూరంలో, వద్దు వద్దంటున్నా పోనిచ్చి, మా మేనల్లుడు బండిని దించేశాడు. అరగంటకి ఒక ట్రాక్టరాయన వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. మావాడు అప్పటికే నైలాన్ తాడు తీసుకుని బంపరు కింద ఒక సన్న రింగుకి కడుతున్నాడు.

ఆయన ట్రాక్టరు దిగి, లుంగీ ఎగ్గట్టి, ఇసకలో వెల్లకిలా పడుకుని బండి కిందకి చూశాడు. లేచి, "అబ్బయ్యా, దానికి తగిలిస్తే బంపరు నా ట్రాక్టరెనకాల వస్తాది, బండి ఈడనే ఉంటాది" అన్నాడు.

"మరి ఎక్కడ కట్టాలి పెదనాయనా?" అన్నాడు మావాడు.

"చాసిస్సు యాడుండాదో ఆడ. లోపల రెండు పెద్ద కొక్కేలు ఉండాయి, చేత్తో తడిమి చూడు. లావుపాటి బోల్టులు తగలాల."

తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వు పిలకాయల్ని తీసుకోని ఆ సరుగుడు చెట్లకాడికి పో. తాడు ఎంత పొడుగుండాదో దానికి రెండింతలు దూరం. నేను చెయ్యెత్తిందాకా ఎవురూ రాబాకండి" అన్నాడు.

ఆ తర్వాత పావుగంటలో బండి బయటికొచ్చింది. డబ్బులివ్వబోతే డీజిలుకి మాత్రం తీసుకున్నాడు. ఆయనకి ఇవన్నీ ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. పడవలు లాగీ లాగీ తెలుసుకున్నవి.

ట్రాక్టరు వైపు కూడా చూడాలి

మనం మన బండి గురించే కంగారు పడతాం. కానీ సాయానికి వచ్చిన ట్రాక్టరాయన ప్రాణం కూడా ఆ కొక్కెం మీదే ఉంటుంది. ట్రాక్టరు వెనకాల బాగా కిందకి ఒక లావాటి ఇనప పట్టీ ఉంటుంది. దాన్ని డ్రాబారు అంటారు. ట్రక్కు తగిలించే చోటు అదే. తాడు అక్కడే తగిలించాలి. పైన నాగలి బిగించే టాప్ లింకుకో, సీటు కింద ఇరుసుకో ఎత్తుగా కడితే ఏమవుతుందో చూడండి. బండి కదలదు, వెనక చక్రాలు ఇసకలో పట్టు దొరికి తిరగలేవు, ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేస్తాయి. తాడు ఎత్తున ఉంటే ఇంకా వెనక్కి గుంజుతుంది. కన్ను మూసి తెరిచేలోగా ట్రాక్టరు వెనక్కి బోల్తా పడి డ్రైవరు మీద పడుతుంది. దూకడానికి కూడా వ్యవధి ఉండదు. తాడు కింద డ్రాబారుకే ఉంటే, ముందు చక్రాలు లేచేకొద్దీ ఆ పట్టీ ఇంకా కిందకి దిగి, లాగే బలం తగ్గుతుంది. క్లచ్చి మీద నుంచి కాలు మెల్లగా తియ్యాలి. ఒక్కసారిగా వదలకూడదు.

మనకి సాయం చేయడానికి వచ్చిన మనిషిని "ఇంకా గట్టిగా లాగు, ఇంకా ఎత్తుకు కట్టు" అని తొందర పెట్టకండి.

ఎంత బలం కావాలి?

మామూలుగా ఒక లెక్క ఉంది. చక్రాల దాకా కూరుకుంటే బండి బరువంత బలంతో లాగాలి. మడ్‌గార్డుల దాకా దిగితే రెండింతలు. ఆపైన ఒళ్ళంతా దిగితే మూడింతలు. రెండు టన్నుల బండి మడ్‌గార్డుల దాకా దిగిందంటే నాలుగు టన్నుల బరువు ఆ కొక్కెం మీద పడుతుంది. ఇక బకింగ్‌హామ్ కాలవ పక్కనో, రొయ్యల గుంటల గట్ల మీదో నల్లటి అడుసులో దిగితే అడుసు పట్టి పీలుస్తుంది. అది ఇసక కంటే మొండిది.

అందుకే లాగడం ఆఖరి పని. అంతకు ముందు చేయవలసినవి నాలుగున్నాయి. చక్రం గిర్రున తిరిగిందంటే ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీసెయ్యాలి, తిప్పిన కొద్దీ లోతుకే పోతుంది. అందరూ దిగాలి, సామాను దించాలి. చక్రాల ముందూ, పొట్ట కిందా ఇసక తోడాలి. దీనికి ఇంట్లో చిన్న పార చాలు, లేకపోతే అన్నం గరిటెలూ పళ్ళేలూ పనికొస్తాయి! ఆఖరిగా టైర్లలో గాలి సగానికి, అంటే 15 - 18 పాయింట్ల దాకా తగ్గించాలి. గాలి తగ్గితే టైరు పరుచుకుని ఒంటె పాదంలా ఇసక మీద నిలబడుతుంది. గల్ఫ్ దేశాల్లో ఎడారి ఇసకలో బళ్ళు నడిపే మనవాళ్ళని అడగండి, ముందు ఈ మాటే చెబుతారు. చక్రాల కింద సరుగుడు కొమ్మలో, తాటాకులో, గోనె సంచులో పరిస్తే చాలాసార్లు బండి తనంతట తనే ఎక్కేస్తుంది. రోడ్డెక్కాక మెల్లగా వెళ్ళి మళ్ళీ గాలి పట్టించుకోవాలి, గాలి తగ్గిన టైర్లతో వేగంగా పోకూడదు.

లాగవలసి వస్తే బండి వచ్చిన దారినే వెనక్కి లాగడం మంచిది. ఆ చక్రాల జాడలో ఇసక అప్పటికే కొంత నొక్కుకుని ఉంటుంది.

తాడు, గొలుసు, షాకిల్

ఇనప గొలుసు సాగదు. సాగని దానితో కుదిపితే దెబ్బంతా కొక్కెం మీదే పడుతుంది. ఇనప తీగల మోకు తెగితే కొరడాలా కొడుతుంది. ఇసక బళ్ళ కోసం అమ్మే నైలాన్ పట్టీలు కొంచెం సాగుతాయి, మన లంగా ఎలాస్టిక్‌లాగ. సాగి, తిరిగి దగ్గరవుతూ బండిని మెల్లగా బయటికి తెస్తాయి. కానీ ఆ సాగిన పట్టీలోనే బోలెడు శక్తి దాగి ఉంటుంది. కొక్కెం ఊడితే ఆ శక్తంతా ఊడిన ముక్కకి వస్తుంది. లాగే బండి వేగం రెండింతలైతే ఆ శక్తి నాలుగింతలు అవుతుంది. అందుకే "పరిగెత్తి వచ్చి గుంజు" అనే సలహా ఎవరిచ్చినా వినకండి.

పట్టీ మీద దాని బలం రాసి ఉండాలి. బండి నిండు బరువుకి రెండు మూడు రెట్లు తట్టుకునేదై ఉండాలి. చిరిగినదీ, ముడి వేసినదీ వద్దు. ముడి వేసిన చోట బలం బాగా తగ్గిపోతుంది. రెండు పట్టీల్ని కలపాల్సి వస్తే మధ్యలో ఇనప షాకిల్ పెట్టకండి. అది ఎగిరితే ప్రాణం తీస్తుంది.

షాకిల్ అంటే గుర్రపు లాడంలా వంగి, నోటికి అడ్డంగా మర పిన్ను ఉండే ఇనప వస్తువు. క్రేను పనివాళ్ళ దగ్గర చూస్తాం. కొక్కేనికీ పట్టీకీ మధ్య ఇది వేస్తారు. దీని మీద కూడా ఎన్ని టన్నులు మొయ్యగలదో అచ్చు వేసి ఉంటుంది. అచ్చు లేనిది, సంతలో చవగ్గా దొరికేది ఇంటి గేటుకి పనికొస్తుందేమో గానీ దీనికి పనికిరాదు.

ముందు వైపు రెండు కొక్కేలుంటే, రెంటికీ ఒక పట్టీ వేసి మధ్యలోంచి లాగితే బరువు పంచుకుంటాయి. కానీ ఆ పట్టీ పొడుగ్గా ఉండాలి. ఇద్దరు ఆడవాళ్ళు ఒక నీళ్ళ గంగాళాన్ని చెరో చెయ్యి వేసి మోసేటప్పుడు దగ్గరగా నడిస్తే తేలిక. ఎడంగా జరిగిన కొద్దీ ఇద్దరి చేతులూ లాగేస్తాయి. ఇక్కడా అంతే. పొట్టి పట్టీ అయితే రెండు కొమ్మలూ ఎడంగా విచ్చుకుని, ఒక్కో కొక్కెం మీద సగం కాదు, మొత్తం బరువు పడే స్థితి కూడా వస్తుంది.

ట్రాక్టరు దొరక్కపోయి, చేత్తో తిప్పే విన్చి ఉంటే సరుగుడు చెట్టుని ఆధారం చేసుకోవచ్చు. బతికున్న లావాటి చెట్టుని చూసి, మొదట్లో, నేలకి దగ్గరగా, వెడల్పాటి పట్టీతో చుట్టాలి. సన్న తాడు బెరడు కోసేస్తుంది. ఇసకలో సరుగుడు వేళ్ళు ఎంత పట్టుకున్నాయో చెప్పలేం కాబట్టి ముందు కొంచెం లాగి, చెట్టు కదులుతోందా చూసుకోవాలి.

మన పని ఏమిటి?

తాడు బిగుసుకునే సమయంలో ఆడవాళ్ళు చూడవలసినవి ఇవి.

పిల్లలు, ముసలివాళ్ళు, వేడుక చూసేవాళ్ళు తాడు పొడుగుకి కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కగా ఉండాలి. తాడుకి ఎదురుగా గానీ, రెండు బళ్ళ మధ్య గానీ ఎవరూ నిలబడకూడదు. బిగిసిన తాడుని దాటకూడదు. సెల్‌ఫోన్లో బొమ్మ తీయాలంటే చెట్ల దగ్గర నుంచే తియ్యాలి.

తాడు మధ్యలో తడి గోనె సంచో, బరువైన దుప్పటో కప్పండి. తాడు తెగితే ఎగరకుండా కొంత నేలకి లాగుతుంది. సముద్రం పక్కనే ఉంది, నీళ్ళకి కరువా?

లాగే బండికీ, దిగబడిన బండికీ డ్రైవర్లు తప్ప ఇంకెవరూ లోపల ఉండకూడదు. చెయ్యెత్తి సైగ చేసేవాళ్ళు ఒక్కరే ఉండాలి. పదిమంది పది మాటలు అరిస్తే ట్రాక్టరాయనకి ఏదీ వినపడదు. అనుమానంగా ఉంటే "ఆగండి" అని గట్టిగా అనండి. ఆడది బండి సంగతి చెప్పడమేమిటని ఎవరన్నా నవ్వితే నవ్వనివ్వండి. ఆపమని అనడానికి డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు.

ఇంకొకటి. సముద్రం మన కోసం ఆగదు. రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, ఇంచుమించు ఆరు గంటలకి ఒకసారి నీరు ఎక్కడం, దిగడం మారుతుంది. నీళ్ళ అంచున దిగబడితే మొదట చేపలు పట్టేవాళ్ళని అడగండి, పోటు ఎక్కుతోందా, తీస్తోందా అని. తీస్తుంటే నెమ్మదిగా పని చేసుకోవచ్చు. ఎక్కుతుంటే మనుషుల్ని పైకి పంపి, మిగతావి ఆలోచించాలి. బండి పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

అసలు బండిని తోపు దగ్గరే వదిలి నడిచి వెళ్ళడం అన్నిటికంటే మేలు. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేదాకా ఈ తీరమంతా సముద్రపు తాబేళ్ళు ఇసకలో గుంటలు తీసి గుడ్లు పెడతాయి. పైకి ఏమీ కనిపించదు. మన చక్రం కింద వాటి పిల్లలు నలిగిపోతాయి. ఎంత పాపం!

బయల్దేరే ముందు

ఒక ఆదివారం పొద్దున కాఫీలయ్యాక ఇంట్లోవాళ్ళని బండి దగ్గరికి పిలవండి. పుస్తకం తెరిచి ముందు కొక్కెం, వెనక కొక్కెం ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి. మర కొక్కెం ఉన్న కారైతే ఒకసారి బిగించి చూడమనండి, తుప్పు పట్టి మర ఎక్కకపోతే ఆ సంగతి ఇంటి దగ్గరే తెలుస్తుంది. చాసిస్ కొక్కేనికి ఎర్ర రంగు పూయించండి. చీకట్లో కంగారులో కూడా చెయ్యి అక్కడికే వెళుతుంది. కట్టు రింగులకి మాత్రం రంగు వద్దు.

బండిలో ఉంచుకోవలసినవి: బలం రాసి ఉన్న పట్టీ ఒకటి, అచ్చు ఉన్న షాకిళ్ళు రెండు, చిన్న పార, రెండు గోనె సంచులు, టైరు గాలి చూసే గేజి, గాలి కొట్టే చిన్న పంపు, తోలు చేతి తొడుగులు, టార్చిలైటు. మనుషులకి తాగే నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, ఎందుకంటే ఆ ఇసకలో నీడ ఉండదు. పులిహోర కలుపుకుని వెళ్ళండి, సాయంత్రం దాకా పాడవదు. పెరుగన్నం మాత్రం పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక చెంచాడే వేసి తోడుపెట్టండి, ఎండకి పుల్లబడకుండా ఉంటుంది. రెండు పొట్లాలు ఎక్కువే కట్టండి. ట్రాక్టరాయన డబ్బులు వద్దన్నా, అన్నం మాత్రం కాదనడు.